మెదడులో కంతి: ఆపరేషను అయింది, మరి తర్వాత?

ఆపరేషను బల్ల మీద పడుకుని సినిమా చూసిన వాళ్ళ గురించి మీరు పేపర్లలో చదివే వుంటారు. 2017లో గుంటూరులో ఒక నర్సుకు మెదడు ఆపరేషను చేస్తూ ‘బాహుబలి’ చూపించారు. 2020లో మళ్ళీ గుంటూరులోనే 33 ఏళ్ళ యువకుడికి ‘బిగ్ బాస్’, ‘అవతార్’ చూపించారు. 2022 ఆగస్టులో సికిందరాబాదు గాంధీ ఆసుపత్రిలో అరవై ఏళ్ళ అవ్వ ఒకామె చిరంజీవి ‘అడవిదొంగ’ చూస్తూ వుండగా డాక్టర్లు ఆమె మెదడులోని కంతిని తీశారు. 2024 సెప్టెంబరులో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకొకామెకు ‘అదుర్స్’ చూపిస్తూ అదే పని చేశారు.

ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా గోలేటి ఎక్స్ రోడ్డు దగ్గర టీ కొట్లలో అదే కబురు. తెల్లవారి ఓ.పి.లో నా దగ్గర అదే ప్రశ్న. “కంతి తీసేసిండ్రు గద సారూ, ఇగ మొత్తం నయమైనట్టేనా?” అని అడుగుతారు. ఇంట్లో ఇటువంటి రోగి వున్నవాళ్ళయితే గొంతు తగ్గించి, “మా బావకు గూడ గట్లనే చేస్తరా సార్, బతుకుతడా?” అంటారు.

వార్త ఆపరేషను దగ్గర ఆగిపోతుంది. రోగి మాత్రం అక్కడ ఆగడు. రెండు వారాల తర్వాత, ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత ఏమయిందో ఏ పేపరూ రాయదు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం. ఇందులో కొన్ని మాటలు చేదుగా వుంటాయి. అయినా ముందుగా తెలిసి వుంటేనే మంచిది. తెలియక అప్పుల పాలయ్యేవారినీ, తెలియక మంచి అవకాశం పోగొట్టుకునేవారినీ ఈ బొగ్గు గనుల ప్రాంతంలో నేను చాలామందిని చూశాను.

మెలకువగా వుంచి చేయడం దేనికి?

ఒంట్లో ఎక్కడ నొప్పి వున్నా మనకు తెలియజేసేది మెదడే గాని, దానికి మాత్రం నొప్పి తెలియదు. నొప్పి అంతా నెత్తి చర్మానికీ, మెదడును కప్పి వుంచే గట్టి పొరకూ వుంటుంది. అక్కడ మత్తు ఇంజక్షను చేస్తే చాలు, రోగి మెలకువగా వుండగానే లోపల పని చేయవచ్చు. మాటకు గాని, చెయ్యి కాలు కదలికకు గాని సంబంధించిన భాగం పక్కనే కంతి వున్నప్పుడు ఈ పద్ధతి ఎంచుకుంటారు. సర్జను సన్నని తీగతో ఒక చోట కొద్దిపాటి విద్యుత్తు తాకిస్తాడు. అప్పుడు రోగి మాట తడబడితే అక్కడ కత్తి పెట్టకూడదని అర్థం. సినిమా చూపించడం, పాటలు పాడించడం, అంకెలు లెక్కపెట్టించడం అన్నీ రోగి భయపడకుండా వుండటానికీ, మాటా తెలివీ సరిగా వున్నాయో లేదో కనిపెట్టడానికీను. అంతేగాని అదేమీ తమాషా కాదు. అందరికీ ఈ పద్ధతి పనికి రాదు కూడా. ఎక్కువమందికి పూర్తి మత్తు ఇచ్చే చేస్తారు.

గోలేటి ఇంక్లయిను గనుల్లో పనిచేసిన పాతవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. గనిలో బొగ్గంతా ఒకేసారి తవ్వుకుపోరు. కప్పు కూలకుండా పిల్లర్లు వదులుతూ తవ్వుతారు. మెదడు సర్జను కూడా అంతే. మాట పోకుండా, చెయ్యి పడిపోకుండా ఎంత తీయగలడో అంతే తీసి, మిగతాది వదిలేస్తాడు. “సగమే తీసిండట, డాక్టరుకు చేతగాలే” అని నిందించే బంధువులు ఈ సంగతి గమనించాలి. కంతి అంతా తీసి, మనిషిని మాట రాని మొద్దుగా ఇంటికి పంపిస్తే అది గొప్ప ఆపరేషను కాదు.

అన్ని కంతులూ ఒకటి కావు

మెదడులో కంతి అనగానే కాన్సరే అనుకోకూడదు. మెదడు పై పొరల్లో పుట్టే మెనింజియోమా వంటివి ఎక్కువగా కాన్సరు కాదు. పూర్తిగా తీసేస్తే చాలామంది మామూలుగా బతుకుతారు. మన దేశంలో ఇంకో సంగతి కూడా వుంది. క్షయ వ్యాధి వల్ల మెదడులో గడ్డలు వస్తాయి. బద్దెపురుగు గుడ్ల వల్ల చిన్న చిన్న తిత్తులు ఏర్పడతాయి. స్కానింగులో ఇవి కూడా మచ్చల్లాగే కనిపిస్తాయి, మూర్ఛలు కూడా తెప్పిస్తాయి. ఇవి ఎక్కువగా మందులతోనే తగ్గుతాయి. కనుక స్కానింగు కాగితం మీద మచ్చ అని వ్రాసి వుండగానే ఏడుపులు మొదలుపెట్టకండి.

ఇక కాన్సరు కంతుల సంగతి. ఇవి రెండు రకాలు. మెదడులోనే పుట్టేవి ఒక రకం. ఊపిరితిత్తుల్లోనో, రొమ్ములోనో పుట్టి రక్తంతోపాటు మెదడులోకి వచ్చి కూర్చునేవి రెండో రకం. నిజానికి రెండో రకమే ఎక్కువ. బీడీలు, సిగరెట్లు తాగే మనిషికి తలనొప్పీ వాంతులూ మొదలై స్కానింగులో కంతి కనబడితే, తలకన్నా ముందు ఛాతీ వైపు చూడవలసి వస్తుంది. ఒకే ఒక్క కంతి వుండి, మూల రోగం అదుపులో వుంటే దాన్ని ఆపరేషను చేసి తీయడం మంచిదే. 1990లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో రేడియేషను మాత్రమే ఇచ్చినవారు సగటున 15 వారాలు బతికితే, ఆపరేషను చేసి రేడియేషను ఇచ్చినవారు 40 వారాలు బతికారు. ఈ మధ్య కాలంలో వచ్చిన కొత్త మందులతో కొందరు అంతకంటే బాగా ఎక్కువే బతుకుతున్నారు.

మెదడులోనే పుట్టే కాన్సర్లలో ముఖ్యమైనవి గ్లయోమాలు. వీటికి 1 నుంచి 4 దాకా గ్రేడులు ఇస్తారు. 4వ గ్రేడులో అందరికన్నా దుర్మార్గమైనది గ్లయోబ్లాస్టోమా. పెద్దవాళ్ళకు మెదడులో పుట్టే కాన్సర్లలో ఎక్కువగా కనబడేది కూడా ఇదే. దీనికి గట్టు వుండదు. బొగ్గు పొరకు పైన రాయి, కింద రాయి వుండి ఇక్కడితో అయిపోయిందని తెలుస్తుంది. ఇది అలా కాదు. తెల్ల బట్ట మీద ఒలికిన సిరాలాగా అంచులు కనబడకుండా పాకిపోతుంది. సర్జను కంటికి కనిపించినదంతా తీసినా, కంటికి కనిపించని కణాలు మంచి మెదడు మధ్యలో మిగిలే వుంటాయి. ఆపరేషనుతో మాత్రమే ఇది నయం కాకపోవడానికి కారణం ఇదే. సర్జను చెయ్యి తప్పు ఏమీ లేదు.

ఎప్పుడు అనుమానించాలి?

తలనొప్పి వచ్చిన ప్రతివాడికీ కంతి వుంటుందని భయపడితే మన ఓ.పి.లు సరిపోవు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోనివారికి, ఎండలో నీళ్ళు తాగనివారికి, కళ్ళజోడు మార్చుకోనివారికి, బి.పి. వున్నవారికి, మైగ్రేను వున్నవారికి తలనొప్పి వస్తూనే వుంటుంది. నూటికి తొంభైతొమ్మిదిమందికి పైగా తలనొప్పికి కారణం కంతి కాదు.

అయితే ఎప్పుడూ లేని తలనొప్పి కొత్తగా వచ్చి వారం వారం పెరుగుతూ పోతే, తెల్లవారుజామున నిద్ర లేవగానే ఎక్కువగా వుండి, కడుపులో వికారం లేకుండానే భళ్ళున వాంతి అయితే, ఆలస్యం చేయవద్దు. ముప్పై, నలభై ఏళ్ళు దాటినవాడికి జీవితంలో మొదటిసారి మూర్ఛ వస్తే తప్పకుండా తల స్కానింగు తీయించాలి. ఒక వైపు చెయ్యి కాలు నెమ్మదిగా బలం తగ్గుతూ వచ్చినా, మాట తడుముకున్నా, చూపు ఒక పక్క కనబడకపోయినా అంతే. పక్షవాతం అయితే ఒక్కసారిగా వస్తుంది. కంతి వల్ల వచ్చే బలహీనత రోజురోజుకీ పెరుగుతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి.

అందరూ పొరపాటు పడే లక్షణం ఇంకొకటి వుంది. నెమ్మదస్తుడు హఠాత్తుగా కోపిష్టి కావడం, లెక్కా పత్రం చూసుకునేవాడు మతిమరుపు మనిషి కావడం, స్నానం మీద, బట్టల మీద శ్రద్ధ పోవడం. ఇంట్లోవాళ్ళు మందు అలవాటయిందని అనుకుంటారు. ఇంకొందరు ఎవరో ఏదో చేయించారని అనుకుని నెలల తరబడి తిరుగుతారు. తల ముందు భాగంలో పెరిగే కంతి సరిగ్గా ఇలాగే మనిషిని మార్చేస్తుంది. రెండు నెలల్లో స్వభావం మారిపోయిన మనిషిని తిట్టకుండా డాక్టరు దగ్గరకు తీసుకురండి.

గనుల్లో పనిచేసేవారికి కొన్నేళ్ళకోసారి కంపెనీవారు వైద్య పరీక్ష చేస్తారు. ఛాతీ ఎక్స్‌రే, చూపు, చెవి, రక్తం అన్నీ చూస్తారు గాని తలలో కంతి ఆ పరీక్షలో తెలియదు. “పోయిన ఏడే మెడికల్ పాసైండు సార్” అనే మాట ఇక్కడ పనికి రాదు. ఇక మూర్ఛ వచ్చిన సంగతి దాచిపెట్టి డ్యూటీకి పోయేవాళ్ళున్నారు. ‘అన్‌ఫిట్’ చేస్తారనే భయం నాకు తెలుసు. కాని కైరిగూడ ఓపెన్‌కాస్టులో నిండు డంపరు దిగుతున్నప్పుడు డ్రైవరుకు మూర్ఛ వస్తే పోయేది అతని ఒక్క ప్రాణమే కాదు. కంపెనీ డాక్టరుకు ఉన్నది ఉన్నట్లు చెప్పి, తేలిక పని అడగడం మేలు.

ఇంకో మాట. బొగ్గు దుమ్ము వల్ల, బ్లాస్టింగు చప్పుడు వల్ల మెదడులో కాన్సరు వస్తుందా అని చాలామంది అడుగుతారు. అలా వస్తుందని ఋజువు లేదు. సెల్‌ఫోను సంగతి కూడా అంతే. 2011లో అంతర్జాతీయ కాన్సరు సంస్థ దాన్ని అనుమానపు జాబితాలో పెట్టింది గాని, 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం పరిశోధనలన్నింటినీ కలిపి చూసినవారికి సంబంధం కనబడలేదు. చిన్నప్పుడు తలకు ఎక్కువ మోతాదులో రేడియేషను తగలడం, కొన్ని అరుదైన వంశపారంపర్య వ్యాధులు — రుజువైన కారణాలు ఇంతవరకే. ఇది అంటువ్యాధి అసలే కాదు. రోగి కంచం వేరు పెట్టనక్కరలేదు.

ఆపరేషను ఏం చేస్తుంది?

1884 నవంబరు 25న లండనులో రిక్‌మన్ గాడ్లీ అనే సర్జను మొట్టమొదటిసారిగా, లక్షణాలను బట్టి మాత్రమే చోటు గుర్తించి, ఒక యువకుడి మెదడులోంచి గ్లయోమాను తీశాడు. అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు. చెయ్యి పడిపోవడాన్ని బట్టి కంతి ఫలానా చోట వుంటుందని బెన్నెట్ అనే వైద్యుడు చెప్పాడు, అది అక్కడే వుంది! కాని నాలుగు వారాల తర్వాత ఆ యువకుడు మెదడు పొరలకు చీము పట్టి చనిపోయాడు. ఆ రోజుల్లో మత్తుకు క్లోరోఫారం వాడేవారు. ఆ క్లోరోఫారం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో పరీక్షలు జరిగింది మన హైదరాబాదులోనే, నిజాం ప్రభుత్వ ఖర్చుతోనే. ఆ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

మన దేశంలో మెదడు శస్త్రచికిత్స 1949లో వెల్లూరులో డాక్టర్ జేకబ్ చాందీ గారితో, ఆ తర్వాత మద్రాసులో డాక్టర్ బి. రామమూర్తి గారితో మొదలైంది. తెలుగునాట విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ బాలపరమేశ్వరరావు గారు 1950లలో ఆ విభాగం నెలకొల్పారు. 1961లో డెక్సామెథసోన్ మందు మెదడు వాపును తగ్గిస్తుందని కనుగొన్నారు. 1971లో లండనులో సి.టి. స్కాను మొదటి రోగిని ఫోటో తీసింది. ఆ రోగిదీ మెదడు కంతే. ఈ రెండింటితో ఈ ఆపరేషను రూపమే మారిపోయింది. వెనుకటి కాలంలో పుర్రె తెరిచి వెతుక్కునేవారు. ఈ రోజు ఎం.ఆర్.ఐ. చూసి, కంప్యూటరు దారి చూపిస్తుంటే, మైక్రోస్కోపు కింద పని చేస్తారు.

ఆపరేషను వల్ల మూడు లాభాలు. ఒకటి, లోపలి ఒత్తిడి తగ్గి తలనొప్పి, వాంతులు పోతాయి, మగత తగ్గుతుంది, ఒక్కోసారి పడిపోయిన చెయ్యి తిరిగి లేస్తుంది. రెండు, తీసిన ముక్కను పరీక్షకు పంపితే అది ఏ రకమో, ఏ గ్రేడో తెలుస్తుంది. ఇది తెలియనిదే తర్వాతి వైద్యం లేదు. మూడు, కంతి భారం ఎంత తగ్గితే రేడియేషను, మందులు అంత బాగా పనిచేస్తాయి. కంతి మరీ లోతుగా వుంటే తీయడం కుదరదు. అప్పుడు సూదితో చిన్న ముక్క మాత్రం తీసి పరీక్షిస్తారు.

అపాయాలు కూడా వున్నాయి. రక్తస్రావం, చీము పట్టడం, కొత్తగా చెయ్యి కాలు పడిపోవడం, మాట పోవడం, మూర్ఛలు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం. అలవాటున్న పెద్ద ఆసుపత్రులలో ఆపరేషను వల్ల ప్రాణం పోవడం తక్కువే. సంతకం పెట్టేముందు సర్జనును ఒక్క ప్రశ్న అడగండి: “దీనివల్ల ఈయన ఇప్పటికన్నా మెరుగవుతాడా, ఇలాగే వుంటాడా?” మంచి సర్జను ఎవరూ ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

గ్లయోబ్లాస్టోమా సంగతే తీసుకుందాం. 1978లో అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో ఆపరేషను తర్వాత ఇంకే వైద్యమూ తీసుకోని వారిలో సగంమంది 14 వారాలలోపే పోయారు. రేడియేషను తీసుకున్నవారికి అది 35 వారాలయింది. 2005లో యూరపు, కెనడా డాక్టర్లు 573 మంది రోగులను గమనించి చెప్పినదేమిటంటే, ఆపరేషను తర్వాత రేడియేషను మాత్రమే ఇస్తే సగంమంది 12 నెలలు దాటారు. రేడియేషనుతోబాటు టెమొజొలమైడ్ అనే గొట్టం బిళ్ళలు కూడా ఇస్తే అది 14 నెలల 18 రోజుల దాకా వచ్చింది. “ఇంతేనా, రెండున్నర నెలలేనా?” అనిపిస్తుంది. కాని రెండో లెక్క చూడండి. రెండేళ్ళు బతికినవారు నూటికి 10 మంది నుంచి 26 మందికి పెరిగారు. అయిదేళ్ళు బతికినవారు నూటికి ఇద్దరి నుంచి దాదాపు పదిమందికి పెరిగారు. ఆ పదిమందిలో మనవాడు వుంటాడో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు. వైద్యం మధ్యలో మానేసినవాడు మాత్రం అందులో వుండే ఆశ తక్కువ.

డబ్బుంటే బతికించుకునేవాళ్ళం అని కుమిలిపోయే కుటుంబాలకు నేనొక సంగతి చెబుతూ వుంటాను. అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీకి 2008 జూన్‌లో పేరుమోసిన ఆసుపత్రిలో ఇదే రకం కాన్సరుకు ఆపరేషను జరిగింది. 2009 ఆగస్టులో ఆయన చనిపోయారు. సెనేటర్ జాన్ మెకెయిన్‌కు 2017 జులైలో ఆపరేషను జరిగింది. 2018 ఆగస్టులో పోయారు. వాళ్ళకు డబ్బుకు కొదువా, డాక్టర్లకు కొదువా? కనుక భూమి అమ్మలేదే అని కుమిలిపోవద్దు. ఆరోగ్యశ్రీలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఆపరేషను, రేడియేషను, టెమొజొలమైడ్ బిళ్ళలే అక్కడి సెనేటరుకు కూడా ముఖ్యమైన వైద్యం.

అయితే అందరికీ ఈ లెక్క అతికించకండి. ఆలిగోడెండ్రోగ్లయోమా అనే రకంలో, ముక్క పరీక్షలో కొన్ని మంచి గుర్తులు కనబడితే, రేడియేషనూ మందులూ తీసుకున్నవారిలో సగంమంది 14 ఏళ్ళకు పైగా బతికినట్లు 2013లో తేలింది. చిన్నపిల్లలకు వెనుక మెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమాకు పూర్తి వైద్యం చేయిస్తే నూటికి 70 మంది దాకా అయిదేళ్ళు దాటుతున్నారు. పేరు ఒకటే “బ్రెయిన్ ట్యూమర్” అయినా జాతకాలు వేరు. అందుకే ముక్క పరీక్ష రిపోర్టు అంత ముఖ్యం. డిశ్చార్జి రోజున అది చేతికి రాదు. రెండు మూడు వారాలు పట్టవచ్చు. మళ్ళీ పోయి తెచ్చుకోవాలి.

అసలు తప్పు జరిగేది ఇక్కడ

ఆపరేషను అయి పది రోజులకు కుట్లు విప్పుతారు. రోగి నడుస్తాడు, అన్నం తింటాడు, మనవణ్ణి ఎత్తుకుంటాడు. వాపు తగ్గించే బిళ్ళల వల్ల ముఖం నిండుగా కనబడుతుంది, ఆకలి బాగా వేస్తుంది. చూసినవాళ్ళంతా “మంచిగైండు” అంటారు. రేడియేషనుకు రమ్మని హైదరాబాదులో రాసిచ్చిన కాగితం గూట్లో వుంటుంది. ఇంతలో పత్తి తీసే రోజులు వస్తాయి, లేకపోతే ఇంట్లో పెళ్ళి వస్తుంది. “కరెంటు పెడితే తల మాడుతదట, మనిషి నీరసమైతడట” అని ఎవరో అంటారు. మూడు నెలల తర్వాత మళ్ళీ వాంతులతో నా దగ్గరకు తెస్తారు. అప్పటికి కంతి మొదటంత అయి వుంటుంది.

ఆపరేషను తర్వాత సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలలోపల రేడియేషను మొదలుపెట్టాలి. అది కరెంటు కాదు, షాకు కొట్టదు, మంట తెలియదు. ఎక్స్‌రే తీయించుకున్నట్లే వుంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు కొన్ని నిమిషాలు, ఆరు వారాలు, మొత్తం 30 సార్లు. ఆ చోట జుట్టు రాలుతుంది, అలసటగా వుంటుంది. ముసలివారికీ, బాగా నీరసించినవారికీ మూడు వారాల్లో ముగించే పద్ధతి కూడా వుంది. దాని గురించి డాక్టరును అడగండి.

మనకున్న కష్టం రోగం కన్నా దూరం. ఆసిఫాబాద్ రోడ్ స్టేషనులో రైలెక్కి దాదాపు మూడు వందల కిలోమీటర్లు పోయి, నిమ్స్‌లోనో, గాంధీలోనో, ఉస్మానియాలోనో ఆపరేషను చేయించి, తర్వాత ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఆరు వారాలు వుండాలి. తోడు ఎవరుంటారు, ఎక్కడ వుంటారు, ఏం తింటారు? ఈ ఏర్పాటు ఆపరేషనుకు ముందే కూర్చుని మాట్లాడుకోండి. అన్నదమ్ములు, బామ్మర్దులు వారం వారం వంతులు వేసుకోండి. ఆపరేషను రోజున జీపు నిండా బంధువులు వస్తారు గాని, రేడియేషను నాలుగో వారానికి భార్య ఒక్కతే మిగులుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలయింది. కంపెనీ ఉద్యోగులైతే పెద్ద ఆసుపత్రికి రాయించుకునే కాగితం ముందే తీసుకోవాలి. ఆసుపత్రిలో వున్న ఆరోగ్యమిత్రను కలిస్తే రేడియేషను సంగతి కూడా చెబుతారు.

టెమొజొలమైడ్ బిళ్ళలు రేడియేషను జరిగినన్ని రోజులూ రోజుకొకసారి, పరగడుపున. తర్వాత నెలకు అయిదు రోజుల చొప్పున కనీసం ఆరు నెలలు. మధ్యలో రక్త పరీక్షలు మానకూడదు. డెక్సామెథసోన్ విషయంలో మరీ జాగ్రత్త. మన పల్లెల్లో ఒళ్ళు నొప్పులకు కూడా దీన్ని మింగించే అలవాటుంది. ఇది హఠాత్తుగా ఆపితే ప్రమాదం, అవసరం లేకుండా వాడుతూ పోతే షుగరు పెరుగుతుంది, కడుపులో పుండు పడుతుంది, తొడల్లో బలం పోతుంది. తగ్గించడం, ఆపడం డాక్టరు చెప్పినట్లే చేయాలి. మూర్ఛ బిళ్ళలు ఒక్క పూట కూడా తప్పకూడదు.

తిరిగి వస్తే?

గ్లయోబ్లాస్టోమా చాలావరకు తిరిగి వస్తుంది, ఎక్కువగా మొదటి చోటికి ఆనుకునే వస్తుంది. అయితే రేడియేషను ముగిసిన మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగులో కంతి పెరిగినట్లు కనబడినా, ఒక్కొక్కప్పుడు అది రేడియేషను వాపే కావచ్చు. కంగారుపడి కొత్త ఆసుపత్రికి పరుగెత్తకుండా, వైద్యం చేసిన డాక్టరుకే పాత ఫిల్ములు, కొత్త ఫిల్ములు రెండూ చూపించండి. రెండోసారి ఆపరేషను కొద్దిమందికి మేలు చేస్తుంది. వయసు తక్కువ, నడిచి తిరిగే మనిషి, కంతి అందుబాటు చోట వుంది, మొదటి ఆపరేషనుకు ఇప్పటికి మంచి వ్యవధి గడిచింది — ఇవన్నీ కుదిరితే ఆలోచించవచ్చు. మంచం పట్టిన మనిషికి రెండో ఆపరేషను కోసం ఎకరం అమ్ముతానంటే నేను వద్దనే చెబుతాను. ఆ ఎకరం పిల్లలకు మిగలనివ్వండి. ఆ దశలో తలనొప్పి లేకుండా, మూర్ఛ లేకుండా, పుండ్లు పడకుండా చూడటమే వైద్యం. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలోనూ, రాష్ట్రంలో కొన్ని జిల్లా కేంద్రాలలోనూ ప్రభుత్వమే ఆ ఏర్పాటు చేసింది.

రోగికి చెప్పాలా, దాచాలా అని కొడుకులు గుమ్మం బయటకు పిలిచి అడుగుతారు. చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. ఒక్కసారే అంతా కాకపోయినా, అడిగినంత మేరకు నిజం చెప్పాలి. ఇతర రోగాల్లో చివరిదాకా తెలివి వుంటుంది. ఇందులో మాటా తెలివీ ముందే మసకబారుతాయి. తండ్రికి మాట వున్నప్పుడే సి.ఎం.పి.ఎఫ్. నామినీ కాగితం ఎవరి పేరున వుందో, పెన్షను కాగితాలేమయ్యాయో, ఎవరికి ఎంత ఇచ్చాడో అడిగి తెలుసుకోవాలి. చాలాసార్లు ఆ మాట ఎత్తాలని రోగే ఎదురుచూస్తుంటాడు. ఇంట్లోవాళ్ళు బాధపడతారని ఊరుకుంటాడు.

ఒక సంచి పెట్టుకోండి. మొదటి స్కానింగు ఫిల్ము, ఆపరేషను కాగితం, ముక్క పరీక్ష రిపోర్టు, రేడియేషను ఎంత ఇచ్చారో రాసిన కాగితం, వాడుతున్న బిళ్ళల చీటీ అన్నీ అందులోనే వుండాలి. రాత్రివేళ అవసరం పడి మా ఆసుపత్రికి వచ్చినా, మంచిర్యాల పోయినా, డాక్టరు మొదట చూసేది ఆ సంచే.

ఇంట్లో మూర్ఛ వస్తే చేతిలో తాళం చెవులు పెట్టవద్దు, నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. చుట్టూ మూగిన జనాన్ని పక్కకు పంపి, రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చొక్కా గుండీలు వదులు చేసి గడియారం చూడండి. సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ఆగుతుంది. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే రెండోది వచ్చినా 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా ఆ సంచి గుమ్మం దగ్గర పెట్టండి.